తప్పుదారి లావాదేవీలో పోయిన క్రిప్టో: చట్టం ఎంతవరకు తోడొస్తుంది?

దొంగకు తేలు కుట్టినట్టు అన్న సామెత క్రిప్టో పోగొట్టుకున్నవాళ్లలో ఒక వర్గానికి అచ్చంగా సరిపోతుంది. బ్యాంకు ఖాతాలోంచి డబ్బు పోతే మనిషి గగ్గోలు పెడతాడు, పదిమందికి చెబుతాడు, థానాకు పరిగెడతాడు. బెట్టింగ్ సైటులో వేసిన యూఎస్‌డీటీ అనే క్రిప్టో టోకెన్లు మాయమైతే మాత్రం నోరు విప్పడు. పన్ను తప్పించుకోవడానికి నగదుకు అమ్మబోయిన కాయిన్లను అవతలివాడు కొట్టేసినా అంతే. ‘అసలు నువ్వు చేసిన పనేమిటి?’ అని ముందు తననే నిలదీస్తారని భయం. ఆ భయమే దొంగకు పెట్టుబడి.

ఆ భయం దాటి వెళ్లాల్సిన జంషెడ్‌పూర్ సైబర్ థానా బిష్టుపూర్‌లో ఉంది. ఉక్కు కర్మాగారం కొలువుల కోసం తరాల కిందట వచ్చిన తెలుగు కుటుంబాలు కట్టుకున్న రామమందిరమూ అదే బిష్టుపూర్‌లో ఉంది. జార్ఖండ్ పేరు చెప్పగానే దేశానికి జామ్‌తాడా గుర్తొస్తుంది. ఓటీపీ అడిగి ఖాతాలు ఊడ్చేసే ఆ మోసాల్లో డబ్బు ఒక బ్యాంకు ఖాతా నుంచి ఇంకో బ్యాంకు ఖాతాకు పోతుంది. ఎన్ని మలుపులు తిరిగినా ఎక్కడో ఒక బ్రాంచిలో ఒక ఫొటో, ఒక సంతకం దొరుకుతాయి. క్రిప్టో వాలెట్‌కు ఫొటో ఉండదు, సంతకం ఉండదు. దానికి తోడు, పోగొట్టుకున్నవాడే చట్టం గీత దాటి నిలబడి ఉంటే చిక్కు రెండింతలవుతుంది. ఈ రెండో చిక్కు గురించి తిన్నగా మాట్లాడేవాళ్లు తక్కువ. అందుకే ఇక్కడ దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

ముందు ఒక అపోహ తొలగాలి. మన దేశంలో క్రిప్టో కొనడం, ఉంచుకోవడం, అమ్మడం నేరం కాదు. బ్యాంకులు క్రిప్టో వ్యాపారాలకు సేవలు అందించకూడదని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్ 6న ఇచ్చిన సర్క్యులర్‌ను సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టేసింది. 2022 ఆర్థిక చట్టం దీన్ని ‘వర్చువల్ డిజిటల్ ఆస్తి’ అని పిలిచి లాభం మీద 30 శాతం పన్ను వేసింది. ఆ ఏడాది జూలై నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ కూడా మొదలైంది. 2023 మార్చి 7 నోటిఫికేషన్‌తో ఎక్స్ఛేంజీలు మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి. ఖాతాదారు ఎవరో తెలుసుకుని, వివరాలు భద్రపరచి, అనుమానం ఉన్న లావాదేవీని ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌కు తెలపడం వాటి బాధ్యత. లాభంలో మూడో వంతుకు దగ్గరగా పన్ను తీసుకునే ప్రభుత్వం, అదే ఆస్తి దొంగతనానికి గురైతే ‘అది మా పరిధి కాదు’ అనడానికి వీల్లేదు. థానాలో ఎవరైనా ‘క్రిప్టోకు కేసు ఉండదు’ అంటే ఆ మాటకు చట్టంలో ఆధారం లేదు.

శిక్షాస్మృతిలో వచ్చిన ఒక చిన్న మార్పు ఇక్కడ పెద్ద పని చేస్తుంది. పాత ఐపీసీలో చరాస్తి అంటే చేతికి తగిలే, భౌతికమైన వస్తువు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ ‘భౌతిక’ అన్న విశేషణం లేదు. భూమి, భూమికి అతుక్కుని ఉన్నవి తప్ప అన్ని రకాల ఆస్తీ చరాస్తే. దొంగతనం సెక్షన్ 303 చరాస్తి గురించే మాట్లాడుతుంది కాబట్టి, బిట్‌కాయిన్ చేతికి తగలదు గనుక దొంగతనం కాదన్న వాదన ఇక నిలవడం కష్టం. 2025 అక్టోబరు 25న మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ మరో అడుగు వేశారు. క్రిప్టో ఆస్తే అని, దాన్ని ఒకరి తరఫున మరొకరు ట్రస్టుగా పట్టుకుని ఉండవచ్చని తేల్చారు. ఆ కేసు వజీర్ఎక్స్ ఎక్స్ఛేంజీలో సుమారు 2 లక్షల రూపాయలకు ఎక్స్ఆర్‌పీ కాయిన్లు కొన్న ఒక మహిళా మదుపరిది. 2024 జూలై 18న ఆ ఎక్స్ఛేంజీ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన టోకెన్లను హ్యాకర్లు ఎత్తుకుపోయారు. పోయినవి వేరే రకం టోకెన్లు, ఆమెవి వేరే రకం. అయినా అందరి ఖాతాలతో పాటు ఆమె ఖాతానూ స్తంభింపజేశారు. మధ్యవర్తిత్వ వేదిక సింగపూర్ కాబట్టి ఇక్కడి కోర్టుకు అధికారం లేదన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. డబ్బు చెన్నై ఖాతా నుంచి వెళ్లింది, ఆమె ఆ వేదికను వాడిందీ ఇక్కడి నుంచే, కాబట్టి మాకు అధికారం ఉంది అంది. బిష్టుపూర్‌లో కూర్చుని విదేశీ వేదికలో కాయిన్లు పోగొట్టుకున్నవాడికీ ఈ తర్కం ఉపయోగపడుతుంది.

ఇక అసలు చిక్కు. పోగొట్టుకున్నవాడి చేతులే శుభ్రంగా లేనప్పుడు చట్టం ఏం చేస్తుంది?

నేరం వైపు నుంచి చూస్తే జవాబు చాలామంది అనుకునేదానికి పూర్తిగా వేరు. దొంగతనం నిర్వచనంలో ఉన్న మాట ‘స్వాధీనం’. ఒకరి స్వాధీనంలో ఉన్న వస్తువును, వారి సమ్మతి లేకుండా, మోసబుద్ధితో కదిలిస్తే అది దొంగతనం. ఆ స్వాధీనం ధర్మబద్ధమైనదేనా అన్న షరతు అందులో లేదు. కాయిన్లను నగదుకు అమ్మి పన్ను ఎగ్గొట్టాలనుకున్నవాడు పన్ను శాఖకు జవాబు చెప్పుకోవాల్సిందే. అంతమాత్రాన అతని కాయిన్లను లాక్కున్నవాడు నిర్దోషి అయిపోడు. ఇవి రెండు వేర్వేరు లెక్కలు.

దీనికి మన దేశంలోనే గట్టి ఉదాహరణ ఉంది. బిట్‌కనెక్ట్ అనే మోసపు పథకంలో డబ్బు పోగొట్టుకున్న సూరత్ వ్యాపారి ఒకతను, ఆ పథకం మనుషులను అపహరించి బిట్‌కాయిన్లు రాబట్టుకున్నాడని ఆరోపణ. ఆ సంగతి పసిగట్టిన గుజరాత్‌లోని అమ్రేలీ పోలీసులు కొందరు 2018 ఫిబ్రవరిలో అతన్నే అపహరించి బిట్‌కాయిన్ల కోసం ఒత్తిడి చేశారు. ఫిర్యాదు చేస్తే తన గుట్టూ బయటపడే ప్రమాదం ఉన్నా అతను ఫిర్యాదు చేశాడు. 2025 ఆగస్టు 29న అహ్మదాబాద్ ప్రత్యేక కోర్టు 14 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. వారిలో మాజీ ఎమ్మెల్యే, అప్పటి జిల్లా ఎస్పీ, పలువురు పోలీసులు ఉన్నారు. మరోవైపు ఫిర్యాదుదారుణ్ని 2024లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) అరెస్టు చేసింది. అతని బెయిల్ విచారణలోనే, 2025 మే నెలలో, సుప్రీంకోర్టులో జస్టిస్ సూర్యకాంత్ బిట్‌కాయిన్ వ్యాపారాన్ని నాగరికమైన హవాలాతో పోల్చి, కేంద్రం స్పష్టమైన విధానం ఎందుకు తేవడం లేదని అడిగారు. చట్టం అతని తప్పును మాఫీ చేయలేదు. అతని మీద జరిగిన నేరాన్నీ వదల్లేదు. నా దృష్టిలో సరైన పద్ధతి ఇదే.

అయితే దొంగకు శిక్ష పడటం వేరు, సొమ్ము తిరిగి రావడం వేరు. అమెరికాలో సిల్క్ రోడ్ అనే మత్తుమందుల చీకటి బజారు నుంచి 2012 సెప్టెంబరులో జేమ్స్ జోంగ్ అనే యువకుడు 50 వేలకు పైగా బిట్‌కాయిన్లు కాజేశాడు. విత్‌డ్రా చేసే వ్యవస్థలో లోపం పట్టుకుని, వేసినదానికన్నా ఎన్నో రెట్లు బయటికి లాగేశాడు. తొమ్మిదేళ్ల తర్వాత, 2021 నవంబరులో, జార్జియాలోని అతని ఇంట్లో సోదా చేస్తే నేల కింది ఇనుప పెట్టెలోనూ, బాత్‌రూమ్ అలమరాలోని పాప్‌కార్న్ డబ్బాలోనూ ఆ కాయిన్ల తాళాలున్న పరికరాలు దొరికాయి. అప్పటి ధరలో వాటి విలువ 300 కోట్ల డాలర్ల పైమాటే. జోంగ్‌కు ఏడాదీ ఒక్క రోజూ జైలు పడింది. కాయిన్లు మాత్రం చీకటి బజారు వ్యాపారులకు చేరలేదు. ప్రభుత్వం జప్తు చేసుకుంది. నిషిద్ధ సరుకు కోసం కట్టిన కాయిన్లు తిరిగొస్తాయని ఎవరూ ఆశ పెట్టుకోవద్దు. మత్తుమందులు కొనబోయి మోసపోయినవాడు ఇక్కడ థానాకు వెళితే మత్తుమందుల నిరోధక ఎన్‌డీపీఎస్ చట్టం అతని మీదికే తిరుగుతుంది.

సివిల్ కోర్టులో పరిస్థితి ఇంకా కఠినం. ఒప్పందం లక్ష్యం చట్టవిరుద్ధమైతే ఆ ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 చెబుతోంది. ఈ సూత్రం మీద దేశమంతా ఉదహరించే తీర్పుల్లో ఒకటి తెలుగు నేల నుంచి వెళ్లిన వ్యాజ్యమే: ఇమ్మాని అప్పారావు, గొల్లపల్లి రామలింగమూర్తి కేసు. అప్పులవాళ్లకు ఎగనామం పెట్టడానికి ఇద్దరూ కూడబలుక్కుని ఆస్తి పేరు మార్చారు. ఆ కాగితం పట్టుకుని తర్వాత ఒక పక్షం స్వాధీనం కోసం దావా వేసింది. ఇద్దరూ మోసంలో సమానంగా భాగస్వాములైనప్పుడు ప్రజాహితానికి తక్కువ హాని చేసే దారి ఏదో అదే కోర్టు పట్టుకోవాలని సుప్రీంకోర్టు చెప్పింది. దావా వేసినవాళ్లకు సాయం చేస్తే మోసాన్ని కోర్టే పూర్తి చేసినట్టవుతుందని నిరాకరించింది. ఆస్తి ఎవరి చేతిలో ఉందో వాళ్లకే మిగిలింది. క్రిప్టోకు దీన్ని అన్వయిస్తే, ‘నగదు ఇస్తానని ఒప్పుకున్నాడు, ఇవ్వలేదు’ అంటూ హవాలా ఒప్పందాన్ని అమలు చేయమని కోర్టును అడగలేం. ‘నన్ను మోసం చేసి నా వాలెట్ ఖాళీ చేశాడు’ అని మాత్రం చెప్పగలం. మొదటిది ఒప్పందం మీద దావా, రెండోది నేరం మీద ఫిర్యాదు. వకీలు ఈ తేడా పట్టుకోకపోతే కేసు మొదటి వాయిదాలోనే కూలిపోతుంది.

ఇంగ్లండ్ ఇప్పుడు కొంచెం మెత్తబడింది. 2016 నాటి పటేల్, మీర్జా కేసులో కంపెనీ లోపలి సమాచారంతో షేర్ల మీద పందెం కాయమని ఒకరు 6,20,000 పౌండ్లు ఇచ్చారు. పందెం జరగలేదు. ఒప్పందం అక్రమమే అయినా, డబ్బు తీసుకున్నవాడి దగ్గరే ఉండిపోవడం న్యాయం కాదని అక్కడి సుప్రీంకోర్టు తిరిగి ఇప్పించింది. మన కోర్టులూ ఇటువైపు చూడాలని నేను కోరుకుంటాను. చిన్న తప్పు చేసినవాడి మొత్తం ఆస్తి పెద్ద నేరగాడికి కానుకగా పోవడం ఏ ప్రజాహితమో నాకు అర్థం కాదు.

మన చట్టాల్లో ఈ ప్రశ్న సూటిగా కనిపించే చోటు మనీలాండరింగ్ నిరోధక చట్టం సెక్షన్ 8(8). ఈడీ జప్తు చేసిన ఆస్తిని బాధితులకు తిరిగి ఇచ్చే అధికారం ప్రత్యేక కోర్టుకు ఉంది. కానీ అడిగేవాడు సద్బుద్ధితో నడుచుకున్నాడని, తగిన జాగ్రత్తలు తీసుకున్నా నష్టపోయాడని, మనీలాండరింగ్‌లో అతనికి పాలు లేదని కోర్టుకు నమ్మకం కలగాలి. నకిలీ ట్రేడింగ్ యాప్‌ను నమ్మి మోసపోయిన ఉద్యోగి ఈ గుమ్మం దాటగలడు. బెట్టింగ్ సైటులో కాయిన్లు వేసినవాడు గుమ్మంలోనే ఆగిపోవచ్చు. హవాలాకు కాయిన్లు తిప్పినవాడికి తలుపు మూసినట్టే. బెట్టింగ్ విషయంలో ఒక ఊరట ఉంది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిర్వాహకులను, ప్రకటనలిచ్చేవాళ్లను, చెల్లింపులు నడిపేవాళ్లను శిక్షిస్తుంది, ఆడినవాణ్ని శిక్షించదు. రాష్ట్రాల జూద చట్టాలు మాత్రం వేరు. ఆంధ్రప్రదేశ్ తన చట్టాన్ని ఆన్‌లైన్ పందేలకూ వర్తించేలా 2020లో సవరించింది.

మరి ఫిర్యాదులో తన తప్పు చెప్పుకుంటే అదే తన మెడకు చుట్టుకోదా? చాలామందిని ఆపేసే ప్రశ్న ఇదే. దీనికి సుప్రీంకోర్టు జవాబు వచ్చింది ఈ జార్ఖండ్ నేల మీది కేసులోనే. అప్పటి రాంచీ జిల్లా పాల్కోట్ థానాలో అఘ్నూ నగేసియా అనే అతను తానే వెళ్లి హత్యలు చేశానని ఎఫ్ఐఆర్ ఇచ్చాడు. నిందితుడే ఇచ్చిన ఎఫ్ఐఆర్‌లోని నేరాంగీకారాన్ని అతనికి వ్యతిరేకంగా రుజువుగా వాడకూడదని 1965లో సుప్రీంకోర్టు తేల్చింది. పోలీసు ముందు చేసిన ఒప్పుకోలు చెల్లదన్న ఆ నియమం ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలో సెక్షన్ 23. తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని నిందితుణ్ని బలవంతపెట్టరాదని రాజ్యాంగం 20(3) అధికరణం అంటోంది. ఈ రక్షణకు హద్దులున్నాయి. మీ మాట సాక్ష్యంగా చెల్లకపోయినా, దాన్నిబట్టి పోలీసులు వేరే ఆధారాలు వెతుక్కోవచ్చు. అందుకే నోటికొచ్చినట్టు కాకుండా వకీలును పక్కన పెట్టుకుని ఫిర్యాదు రాయాలి. దొంగతనం గురించి ఒక్క అబద్ధమూ ఉండకూడదు.

ఇంత చట్టం చెప్పుకున్నాక కూడా, సొమ్ము వస్తుందా రాదా అన్నది చివరికి రెండు విషయాల మీద ఆధారపడుతుంది: కాయిన్లు ఇప్పుడు ఎక్కడున్నాయి, ఫిర్యాదు ఎంత త్వరగా వెళ్లింది. పోయింది యూఎస్‌డీటీ అయితే ఆశ ఉంది. ఆ టోకెన్‌ను జారీచేసే టెథర్ సంస్థకు ఫలానా వాలెట్‌లోని టోకెన్లను కదలకుండా స్తంభింపజేసే సాంకేతిక అధికారం ఉంది. పోలీసులు, దర్యాప్తు సంస్థలు అడిగితే ఆ పని చేస్తోంది కూడా. బిట్‌కాయిన్‌కు అలాంటి యజమాని ఎవరూ లేరు. అది ఏదో ఒక ఎక్స్ఛేంజీలోకి అడుగుపెట్టినప్పుడే పట్టుకోవాలి. ఇంగ్లండ్‌లో 2019లో ఒక బీమా సంస్థ, కంప్యూటర్లకు తాళం వేసిన ముఠాకు 109.25 బిట్‌కాయిన్లు కప్పం కట్టి, వెంటనే జాడ తీయించింది. 96 కాయిన్లు బిట్‌ఫినెక్స్ ఎక్స్ఛేంజీకి చేరినట్టు తేలితే, దొంగ పేరు తెలియకుండానే ‘అజ్ఞాత వ్యక్తుల’ మీద కోర్టు నిషేధాజ్ఞ ఇచ్చింది. మన కోర్టులూ పైరసీ కేసుల్లో ‘అశోక్ కుమార్’ ఉత్తర్వుల పేరుతో అజ్ఞాతుల మీద ఆజ్ఞలిస్తూనే ఉన్నాయి. దాన్ని క్రిప్టోకు వాడుకునే వకీళ్లు ముందుకు రావాలి.

ఫిర్యాదు కాగితం దగ్గర జరిగే ఒక నష్టాన్ని కాస్త వివరంగా చెప్పాలి. బాధితుడు సాధారణంగా పట్టుకెళ్లేది ఫోన్ స్క్రీన్‌షాట్. ట్రాన్ అనే బ్లాక్‌చెయిన్ నెట్‌వర్క్‌లో వాలెట్ చిరునామాకు 34 అక్షరాలుంటాయి, ఇంగ్లీషు ‘టీ’తో మొదలవుతుంది. వాలెట్ యాప్‌లు తెర మీద జాగా చాలక మొదటి కొన్ని అక్షరాలు, చివరి కొన్ని అక్షరాలు చూపించి మధ్యలో చుక్కలు పెడతాయి. ఆ స్క్రీన్‌షాట్‌తో దర్యాప్తు అధికారి ఏ ఎక్స్ఛేంజీకీ నోటీసు పంపలేడు. చిరునామాను పూర్తిగా కాపీ చేసి అచ్చు వేయించాలి. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా పోకూడదు కాబట్టి చేత్తో రాయకూడదు. లావాదేవీకి ఉండే 64 అక్షరాల గుర్తింపు సంఖ్య, ఏ నెట్‌వర్కు, ఏ సమయం, ఎన్ని కాయిన్లు, ఆ రోజు వాటి రూపాయి విలువ రాయాలి. టెలిగ్రామ్ సంభాషణను చెరపకుండా మొత్తం ఎగుమతి చేసుకోవాలి, అవతలివాడు దాన్ని రెండువైపులా తుడిచేయగలడు. సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ ఆధారాలకు ధ్రువపత్రం జతచేయాలి. మనిషి నుంచి మనిషికి నేరుగా అమ్మే పీటూపీ పద్ధతిలో యూపీఐ ద్వారా ఒక్క రూపాయి మారినా ఆ లావాదేవీ సంఖ్య బంగారం. అక్కడే దొంగకు పేరూ ఊరూ దొరుకుతాయి.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేయడం మొదటి గంటల్లోనే జరగాలి. థానా పరిధి కాదంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) సెక్షన్ 173 కింద జీరో ఎఫ్ఐఆర్ అడగాలి. ఎఫ్ఐఆర్ కట్టకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపి, అప్పటికీ కదలకపోతే సెక్షన్ 175(3) కింద మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించాలి. హ్యాకింగ్ అయితే సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం సెక్షన్ 46 కింద ఇంకో దారి ఉంది, చాలామందికి తెలియదు. 5 కోట్ల రూపాయల వరకు నష్టపరిహారం క్లెయిములను రాష్ట్ర ఐటీ కార్యదర్శి తీర్పరి అధికారిగా విచారిస్తారు. జంషెడ్‌పూర్ వాళ్లు దానికి రాంచీని ఆశ్రయించాలి.

కాయిన్లు దొరికాక కూడా బాధ తీరదు. బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 107 ప్రకారం నేరపు సొమ్మును కోర్టు జప్తు చేయించి, కలెక్టరు ద్వారా 60 రోజుల్లో బాధితులకు పంచవచ్చు. తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో, న్యాయసేవల సంస్థ కలిసి బ్యాంకుల్లో ఆగిన డబ్బును లోక్ అదాలత్‌ల ద్వారా తిరిగి ఇప్పిస్తున్నాయి. అది రూపాయల్లో ఉన్న సొమ్ముకు. క్రిప్టోగా మారి దేశం దాటినదానికి ఆ దారి పనికిరాదు. 2023లో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన 712 కోట్ల రూపాయల పెట్టుబడి మోసం చిక్కడపల్లి వాసి ఒకరు 28 లక్షలు పోయాయని ఇచ్చిన ఫిర్యాదుతో తెలిసింది. అప్పటికే డబ్బు దుబాయ్ మీదుగా క్రిప్టో రూపంలో చైనా చేరింది.

జప్తు చేసిన కాయిన్లను ఎవరి వాలెట్‌లో ఉంచాలి? పుణెలో గెయిన్‌బిట్‌కాయిన్ అనే క్రిప్టో పెట్టుబడి మోసం కేసులో పోలీసులకు సాయపడిన ఇద్దరు సైబర్ నిపుణులనే, దర్యాప్తులో చేతికొచ్చిన క్రిప్టోను దారి మళ్లించారన్న ఆరోపణ మీద 2022 మార్చిలో అరెస్టు చేశారు. బాధితుడికి ఇంతకన్నా ఘోరం ఏముంటుంది? ప్రతి రాష్ట్రంలో కోర్టు ఆధీనంలో, ఒక్కరి తాళంతో తెరుచుకోని అధికారిక వాలెట్ ఉండాలి. తిరిగి ఇచ్చేటప్పుడు కాయిన్లే ఇవ్వాలా, పోయిన రోజు ధర కట్టి రూపాయలివ్వాలా అన్నది చట్టంలోనే రాసి ఉండాలి. ఇవి పార్లమెంటు చేయాల్సిన పనులు.

సొమ్ము పోయినవాళ్ల చుట్టూ ఇంకో ముఠా తిరుగుతుంది. ‘మీ కాయిన్లు తిరిగి తెప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి’ అంటుంది. థానాకు వెళ్లడానికి జంకేవాడే వీళ్లకు దొరుకుతాడు. బ్లాక్‌చెయిన్‌లో ఒకసారి ఖరారైన లావాదేవీని ఏ హ్యాకరూ వెనక్కి తిప్పలేడు. ముందస్తు ఫీజు అడిగినవాడు మోసగాడే.

బిష్టుపూర్‌లోనైనా, సాక్చీ కోర్టు మెట్ల దగ్గరైనా, విశాఖలోనైనా, హైదరాబాద్‌లోనైనా ఈ స్థితిలో ఉన్న తెలుగువాళ్లకు నా మనవి ఇది. మీరు చేసిన పొరపాటుకు పన్ను, జరిమానా ఉంటే కట్టండి. దానికి భయపడి దొంగను వదిలేయకండి. ఇవాళే వకీలును కలవండి, ఇవాళే 1930కి చెప్పండి, పూర్తి వాలెట్ చిరునామాతో రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.